ఇండియా వెళ్ళాక చూపించుకుంటానని పన్ను నొప్పిని దాచిపెట్టకు

తమ్ముడూ, ఇక్కడ ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) డెంటిస్ట్ దొరకడం లేదు, డిసెంబరులో విజయవాడ వెళ్ళినప్పుడు చూపించుకోనా అని అడిగావు. అన్నాళ్ళు ఆగొద్దు.

నేనూ సరిగ్గా ఇదే లెక్క వేశాను. 2019 చివర్లో చల్లటి నీళ్ళు తాగితే కింది దవడ పన్ను జివ్వుమనేది. అప్పట్లో ఎన్‌హెచ్‌ఎస్‌లో ఫిల్లింగ్ 62.10 పౌండ్లు. రూపాయల్లోకి మార్చి చూసుకుని, వేసవిలో ఎలాగూ ఇంటికి వెళ్తాం కదా అని ఊరుకున్నాను. ఇక్కడే జీతం తీసుకుంటూ ఖర్చు మాత్రం రూపాయల్లో లెక్కేసుకోవడం కొత్తగా వచ్చినవాళ్ళందరూ చేసేదే.

2020 మార్చిలో కోవిడ్ వల్ల ఇండియాకు విమానాలు ఆగిపోయాయి. 25వ తేదీన ఇంగ్లండ్‌లో మామూలు పళ్ళ వైద్యమూ ఆపేశారు. ఫోన్ చేస్తే సలహా, నొప్పి మాత్ర, అవసరమైతే యాంటీబయాటిక్, అంతే. మరీ భరించలేకపోతే అర్జెంట్ సెంటర్‌కి పంపేవారు, అక్కడ చాలామందికి పన్ను పీకేయడమే. మాత్రలకు వాపు తగ్గేది, లోపల పిప్పి పెరుగుతూనే ఉండేది. రాత్రుళ్ళు లవంగం నొక్కిపెట్టుకుని కూర్చునేవాణ్ణి. జూన్ 8న క్లినిక్‌లు తెరిచినా, డ్రిల్ వాడిన గదిని తుంపరల భయంతో గంటదాకా ఖాళీగా ఉంచాల్సి వచ్చేది. రోజుకు చూసేది కొద్దిమందినే. నా వంతు వచ్చేసరికి ఫిల్లింగ్‌తో పోయేది రూట్ కెనాల్, క్యాప్ దాకా వెళ్ళింది. ప్రైవేటు బిల్లు ఇంచుమించు ఒక నెల ఇంటి అద్దె. ఎవరి దగ్గరా చేయి చాచకుండా కట్టాను, పన్నూ నిలబెట్టుకున్నాను.

అప్పుడు పేరుకున్న కేసుల భారం ఇంకా తీరలేదు. 2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్‌లో కొత్తగా తెరిచిన డెంటిస్ట్ దగ్గర వందలమంది క్యూ కడితే పోలీసులు రావాల్సి వచ్చింది. వీసాతో కట్టిన హెల్త్ సర్‌ఛార్జ్‌లో పళ్ళ ఖర్చు కూడా ఉందనుకుంటారు మీ కుర్రాళ్ళు. లేదు. 2025 ఏప్రిల్‌లో ఎన్‌హెచ్‌ఎస్ రేట్లు చెకప్‌కి 27.40, ఫిల్లింగ్‌కి 75.30, క్యాప్‌కి 326.70 పౌండ్లు ఉండేవి. ఇప్పటి రేట్లు, మినహాయింపుల వివరాలు ఎన్‌హెచ్‌ఎస్ సైట్‌లో చూసుకో.

జీపీ (ఫ్యామిలీ డాక్టర్) లాగా మన ఏరియాలోనే చూపించుకోవాలన్న రూలు డెంటిస్ట్‌కి లేదు. పక్క ఊళ్ళకూ ఫోన్లు చెయ్యి. ఎక్కడా దొరక్కపోతే ప్రైవేటులోనైనా ఇప్పుడే ఫిల్లింగ్ చేయించుకో, ముందే ఎంతవుతుందో రాయించుకో. నెలనెలా కొంత డబ్బు పళ్ళకని విడిగా పెట్టు, దాన్ని ఇంటికి పంపే డబ్బులో కలపకు. ఈలోగా నొప్పి ఎక్కువైతే ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కి ఫోన్ చెయ్యి. ఎన్‌హెచ్‌ఎస్ అర్జెంట్ అపాయింట్‌మెంట్‌కి తీసుకునేది చెకప్ ఛార్జే.