పళ్లికరణై సైటుకు వెళ్తున్న సంధ్యకు

చి. సంధ్యకు,

పెదనాన్న ఆశీస్సులు. నిన్ను చెన్నై పళ్లికరణైలో పైలింగ్ పనికి, అంటే నేలలోకి లోతుగా కాంక్రీటు స్తంభాలు పోసే పనికి, వేశారని మీ నాన్న ఫోను చేశాడు. నా తరవాత ఇంట్లో బురద తొక్కేది నువ్వేనని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అది చిత్తడి నేలమ్మా. గిండీ వైపైతే కొంత లోతుకే రాయి తగులుతుంది. ఇక్కడ మెత్తటి బంకమట్టి, తవ్వగానే నీళ్లు. పైగా వెళ్తున్నది ఈశాన్య రుతుపవనాల నెలల్లో.

నేల నివేదిక చదువు. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల నుంచి పడితే ఎన్ని దెబ్బలకు 30 సెంటీమీటర్లు దిగిందో చూడు. ఒక పరీక్ష బోరుకూ ఇంకో బోరుకూ పొంతన లేకపోతే అడుగు. గోతి గోడలు కూలకుండా నింపే బెంటోనైట్ బురద చిక్కదనం, గోతి అడుగు శుభ్రం చేయడం కాలేజీలోనే చెప్పి ఉంటారు.

చెప్పనిది ఒకటుంది.

1998 నవంబరు, అడయారు నది ఒడ్డు. 800 మిల్లీమీటర్ల పైల్, 20 మీటర్ల లోతు. సుమారు 10 ఘనపు మీటర్ల కాంక్రీటు, రెండు లారీలు. మొదటిది 6 ఘనపు మీటర్లు పోసి వెళ్లింది. రెండోది వానలో ఇరుక్కుని గంటన్నర రాలేదు. అడుగు నుంచి కాంక్రీటు పోసే ట్రెమీ పైపు మొన కాంక్రీటులో మునిగే ఉండాలి, కానీ అది గట్టిపడి పైపును పట్టేస్తుందని నాకు కంగారు. ఆరంటే పన్నెండు మీటర్లు నిండి ఉంటుందని లెక్కగట్టి, పైపు మొనను అడుగు నుంచి పది మీటర్ల ఎత్తుకు లాగించాను. గుండు కట్టిన టేపు వేసి చూడలేదు. ఆ గోతిలో ఒకచోట ఇసుక జారి కడుపు పెరిగింది, కాంక్రీటు పక్కలకు పోయి తొమ్మిది దగ్గరే ఆగింది. 'సార్, పైపు తేలికైంది' అన్నాడు పైపును ఎత్తే విన్చి దగ్గరున్న ముసలాయన. విననట్టు ఊరుకున్నాను. రెండో లారీ కాంక్రీటు బెంటోనైట్‌లోంచి రాలి, సిమెంటు కడుక్కుపోయింది. రిజిస్టరులో మాత్రం 12 మీటర్లని కొలిచినట్టే రాశాను.

పైల్ తల చెక్కి చిన్న సుత్తితో తట్టే పరీక్షలో సగం లోతున లోపం బయటపడింది. తిట్లు విన్చి ముసలాయనకు పడ్డాయి. ఒక రోజంతా నేను నోరు విప్పలేదు సంధ్యా. మర్నాడు చెప్పాను. పక్కన రెండు కొత్త పైళ్లు వేశారు. ఆయన తరవాత కూడా నాకు టీ తెచ్చి ఇచ్చేవాడు, మాట మాత్రం లేదు. 2014లో మౌలివాక్కంలో పదకొండు అంతస్తులు కూలి 61 మంది పోయినప్పుడు, టీవీ ముందు అన్నం కంచం పట్టుకుని నేను ఆ పైల్‌నే తలచుకున్నాను.

పైపు ఎత్తే ముందు ప్రతిసారీ టేపు నువ్వే వేయి. బురదలో గుండు మెత్తగా దిగుతుంది, కాంక్రీటు తగలగానే చేతికి తెలుస్తుంది. ఆ అంకెనే రాయి. రెండో లారీ గేటు దాటాకే మొదటిది పోయించు. ఎవరు అరిచినా సరే.

మరిచాను, తవ్విన గోతుల మీద రాత్రిళ్లు ఇనుప జాలీ వేయించు. వాన నిండితే గోతికీ నేలకూ తేడా తెలియదు. నవ్వకు.

సెంట్రల్‌లో దిగి, పార్క్ స్టేషన్లో మాంబళానికి లోకల్ ఎక్కు. నా గుండు ఇంకా ఉంది. మీ పెద్దమ్మ దాన్ని పెరటి తలుపుకు అడ్డం పెడుతోంది. నువ్వడిగితే ఇస్తుంది.

పెదనాన్న