మెడ నల్లబడితే కడుపులో క్యాన్సర్ ఉన్నట్టేనా?

మీ నాన్నగారికి 58 ఏళ్లు, కొద్ది నెలల్లోనే మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి మందమైంది, ఇంటర్నెట్‌లో చూస్తే క్యాన్సర్ అని ఉంది, భయపడాలా అని అడిగారు. చివర్లో మనిషి బాగా చిక్కిపోయారు అని కూడా రాశారు. నేను డాక్టర్ని కాను. మాది నల్లగొండ. మా ఇంట్లో ఇలాంటిదే ఒకటి చూశాను కాబట్టి రాస్తున్నాను.

మెడ నలుపు ఒక్కటే అయితే కంగారు వద్దు. దీన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. మెడ ఇలా నల్లబడ్డవారిలో ఎక్కువమందికి అసలు కారణం ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం. అంటే షుగరు ఉండి ఉండవచ్చు, లేదా ముందుముందు రావచ్చు. లావుగా ఉన్న పిల్లల్లో కూడా కనిపిస్తుంది. అయితే మీరు చివర్లో రాసిన ‘బాగా చిక్కిపోయారు’ అన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోలేం. పెద్ద వయసులో, ఒళ్లు తగ్గుతుండగా, చర్మం ఇంత త్వరగా మారడం వేరే సంగతి. కొన్ని క్యాన్సర్ గడ్డలు విడుదల చేసే పదార్థాలు చర్మకణాలు అతిగా పెరిగేలా చేస్తాయి. అలాంటప్పుడు ఎక్కువగా బయటపడేది జీర్ణాశయ క్యాన్సరే. ఆయన అరచేతులు చూడండి. చర్మం ముఖమల్ గుడ్డలా మందమై గీతలు లోతుగా తేలాయా? పెదవుల మీద, నోట్లో గరుకుగా ఉందా? ఉంటే ఎండోస్కోపీ గురించి మీరే అడగండి. షుగరు ముదిరినా మనిషి చిక్కిపోతాడు కాబట్టి ఆ రక్తపరీక్ష కూడా చేయించాల్సిందే.

ఇక మా మేనత్త సంగతి. ఆమెది వేరే జబ్బు, కానీ అదీ చర్మం మీదే ముందు కనిపించింది. మునుగోడు వైపు పల్లెటూరు, పత్తి చేను. ఏరే రోజుల్లో ముఖం మీద, మెడ కింద మచ్చలు వచ్చాయి. ఎండ దెబ్బ అన్నారు. మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు, రాసుకుంది. తర్వాత బిందె చంకకెత్తుకోలేకపోయింది. జుట్టు ముడి వేసుకోవడానికి చేతులు పైకి లేవలేదు. కింద కూర్చుంటే నేలకు చేయి ఊని లేచేది. మా ప్రాంతంలో ఒళ్లు నొప్పులకు, నడక పట్టేయడానికి జవాబు సిద్ధంగా ఉంటుంది: ఫ్లోరైడ్ నీళ్లు. నిజంగానే ఆ నీళ్లు ఎంతోమంది ఎముకలను వంచేశాయి, అందుకే ఎవరూ రెండో ఆలోచన చేయలేదు. ఒక ఆర్‌ఎంపీ బలానికి ఇంజెక్షన్లు కూడా ఇచ్చాడు.

నల్లగొండలో చర్మవ్యాధుల డాక్టరు ముఖం కంటే ముందు చేతివేళ్లు చూశారు. వేళ్ల కణుపుల మీద సరిగ్గా ఎముక ఉబ్బే చోట పొలుసులతో గట్టి మచ్చలు, కనురెప్పలు వాచి ముదురు రంగు. పుస్తకాల్లో ఈ రెప్పల రంగును ఊదా అని రాస్తారు, మన చామనఛాయ ఒంటి మీద అది మసిబారినట్టు కనిపిస్తుంది, అంతే. చేతులు చాచమని చెప్పి భుజాల మీద నొక్కి చూశారు. కండరాలు దెబ్బతిన్నాయా అని చూసే రక్తపరీక్ష సీపీకే రాశారు, అది బాగా పెరిగి ఉంది. జబ్బు పేరు డెర్మటోమయోసైటిస్, అంటే చర్మానికీ కండరాలకూ వాపు వచ్చే జబ్బు. అది వచ్చిన పెద్దవాళ్లలో సుమారు 15 నుంచి 30 శాతం మందికి లోపల ఎక్కడో క్యాన్సర్ ఉంటుంది, అందుకే వెతకాలి అన్నారు. కడుపు స్కానింగులో అండాశయంలో గడ్డ తేలింది. అంతవరకు ఆమెకు కడుపునొప్పి లేదు. హైదరాబాద్‌లో ఆపరేషన్, కీమో, ఆరోగ్యశ్రీ కార్డు మీదే. మచ్చలు చాలావరకు తగ్గాయి. భుజాల బలం మాత్రం మెల్లగా వచ్చింది.

లోపలి క్యాన్సర్‌ను పైకి చూపించే గుర్తులు ఇంకో రెండు చెబుతాను. వయసు పైబడినవారికి నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, ఒళ్లంతా దురద పెట్టి, మలం తెల్లగా పోతుంటే పసరు మందు కోసం ఊళ్లు తిరగకండి, క్లోమంలో గడ్డ పిత్తనాళాన్ని నొక్కుతూ ఉండవచ్చు. బొడ్డు దగ్గర కొత్తగా గట్టి గడ్డ లేస్తే అదీ చూపించాలి. వీపు మీద ముసలితనపు మచ్చలు ఎక్కువయ్యాయని మాత్రం నిద్ర పోగొట్టుకోకండి. అవి ఒక్కసారిగా గుంపుగా రావడం క్యాన్సర్ గుర్తని చెబుతారు గానీ, ఆ వయసులో అవి చాలామందికి ఉంటాయి, నేనైతే దానికి పెద్ద విలువ ఇవ్వను.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు స్టెరాయిడ్ ట్యూబులేవీ రాయకండి, మచ్చ రూపు మారిపోతుంది. ఏ నెలలో మొదలైందో, బరువు ఎంత తగ్గిందో, ఆకలి ఎలా ఉందో కాగితం మీద రాసుకెళ్లండి. పాత ఫోటోల్లో ఆయన మెడ కనిపించేది ఒకటి దొరికితే ఫోనులో పెట్టుకోండి. జిల్లా కేంద్రంలో ప్రభుత్వ ఆసుపత్రి చర్మ విభాగంలోనే చూపించడం మొదలుపెట్టవచ్చు. క్యాన్సర్ తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.