కర్ణికల దడకు రిలాక్సిన్ హార్మోన్: ఎలుకల్లో పనిచేసింది, మనుషుల మాటేమిటి?

మీ నాన్నగారికి 71 ఏళ్లని, బీపీ, షుగరు రెండూ ఉన్నాయని, నిరుడు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికల దడ) బయటపడిందని, రక్తం పలుచబరిచే మాత్ర వల్ల చేతుల మీద కమిలిన మచ్చలు వస్తున్నాయని రాశారు. రిలాక్సిన్ అనే హార్మోన్‌తో ఈ జబ్బు నయమవుతుందని చదివి, అది మందుగా వచ్చేదాకా ఈ మాత్ర ఆపి చూడవచ్చా అని అడిగారు. దయచేసి ఆపకండి. నేను వైద్యురాలిని కాను, కెమిస్ట్రీ లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యాను. అయితే ఏడేళ్లుగా ఇదే జబ్బుతో ఉన్నాను. పైగా నాకు దీన్ని తెచ్చిపెట్టినది కూడా ఒక హార్మోనే కాబట్టి, మీ ప్రశ్నకు నా అనుభవం కొంత పనికి రావచ్చు.

ముందుగా మాత్ర సంగతి. ఈ జబ్బులో గుండె పైగదులైన కర్ణికలు సరిగా ముడుచుకోక, నిమిషానికి 350కి పైగా లెక్కన వణుకుతూ ఉంటాయి. అందువల్ల ఎడమ కర్ణికకు అంటుకొని ఉండే చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ జబ్బు ఉన్నవారికి పక్షవాతం ముప్పు లేనివారి కంటే దాదాపు అయిదు రెట్లని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పరిశీలన ఏనాడో తేల్చింది. ఎవరికి మాత్ర అవసరమో చెప్పడానికి వైద్యులు వేసే లెక్కలో 65 నుంచి 74 ఏళ్ల వయసుకు ఒక పాయింటు, బీపీకి ఒకటి, షుగరుకు ఒకటి. అంటే మీ నాన్నగారికి మూడు వచ్చాయి. మగవారికి రెండు వస్తేనే మాత్ర సిఫారసు చేస్తారు. పాత మందైన వార్ఫరిన్ కాకుండా కొత్త రకం మాత్రలైతే, మానిన ఒకటి రెండు రోజుల్లోనే వాటి రక్షణ పోతుంది.

కమిలిన మచ్చలు నాకూ వచ్చాయి. నా విషయంలో కారణం మోకాళ్ల నొప్పికి మందుల షాపులో కొనుక్కొని వేసుకున్న డైక్లోఫెనాక్. ఆ సంగతి నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అది మానేశాక మచ్చలు చాలావరకు తగ్గాయి. మీ నాన్నగారు నొప్పి మాత్రలు వాడుతున్నారేమో చూడండి, క్రియాటినిన్ పరీక్ష చేయించి ఆ ఫలితంతో డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. మూత్రపిండాల పనితీరును బట్టి మోతాదు మార్చవలసి రావచ్చు. మలం నల్లగా రావడం, మూత్రంలో రక్తం కనిపించడం, తలకు దెబ్బ తగలడం జరిగితే మాత్రం అపాయింట్‌మెంటు కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇక నా కథ. థైరాయిడ్ తక్కువగా ఉందని ఇరవై ఏళ్లుగా థైరాక్సిన్ మాత్ర వేసుకుంటున్నాను. 78 కిలోలు ఉన్న రోజుల్లో 125 మైక్రోగ్రాముల మోతాదు నిర్ణయించారు. తరువాత షుగరు రాకూడదని అన్నం తగ్గించి, నడక మొదలుపెట్టి 61 కిలోలకు వచ్చాను గాని, మాత్ర మోతాదు మార్చుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు; రెండేళ్లపాటు రక్తపరీక్షా చేయించుకోలేదు. ఒకరోజు తెల్లవారుజామున గుండెలో ఎవరో పిడికిలితో తడుతున్నట్టు అనిపించి మెలకువ వచ్చింది. నాడి పట్టుకుంటే ఒక దెబ్బకూ మరో దెబ్బకూ పొంతన లేదు. ఈసీజీలో ఫిబ్రిలేషన్ అన్నారు. మొదట చూపించుకున్న చోట గుండె వేగం తగ్గించే మందు, రక్తం పలుచబరిచే మందు రాసి పంపించారు. థైరాయిడ్ పరీక్ష రాయలేదు. ఆరు వారాల తరువాత మరొక డాక్టరుగారు నా పాత చీటీలన్నీ తిరగేసి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని నడిపించే హార్మోన్) చూపించమన్నారు. 0.04 వచ్చింది. ఒంట్లో థైరాక్సిన్ ఎక్కువయితే ఈ అంకె పడిపోతుంది.

ఆ అంకెకు అర్థమేమిటో తరువాత చదువుకున్నాను. 60 దాటిన 2,007 మందిని పదేళ్లు గమనించి 1994లో ప్రచురించిన ఫ్రామింగ్‌హామ్ వ్యాసం ప్రకారం, టీఎస్‌హెచ్ 0.1 లేదా అంతకంటే తక్కువగా ఉన్నవారికి ఈ జబ్బు వచ్చే అవకాశం మామూలువారి కంటే సుమారు మూడు రెట్లు. నాకు థైరాక్సిన్‌ను 75 మైక్రోగ్రాములకు తగ్గించారు, నాలుగు నెలలకు లయ దానంతటదే కుదురుకుంది. హార్మోన్ సరిచేస్తే గుండె సరయిందని ఇంట్లో అందరం సంబరపడ్డాం. రెండేళ్ల తరువాత, టీఎస్‌హెచ్ పూర్తిగా సరిగ్గా ఉండగానే, దడ మళ్లీ వచ్చింది.

ఎందుకు వచ్చిందన్న ప్రశ్నే నన్ను రిలాక్సిన్ దాకా తీసుకువెళ్లింది. 1995లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మౌరిట్స్ అలెస్సీ బృందం మేకల కర్ణికలకు విద్యుత్ తీగలు అమర్చి, లయ కుదురుకున్న ప్రతిసారీ పరికరంతో మళ్లీ దడ పుట్టించింది. మొదట్లో కొన్ని సెకన్లే నిలిచిన దడ క్రమంగా బలపడి, చివరికి ఒక రోజుకు పైగా ఆగకుండా సాగింది. దడే దడను పెంచి పోషిస్తుందన్నమాట. మొదట కండరాల విద్యుత్ గుణాలు మారతాయి. కాలం గడిచేకొద్దీ, బీపీ, వయసు తోడయ్యేకొద్దీ, కండరపోగుల మధ్య కొల్లాజెన్ అనే నారలాంటి ప్రోటీన్ పేరుకొని కర్ణిక గట్టిపడుతుంది. దీన్నే ఫైబ్రోసిస్ అంటారు. పొలం కాలువలో అక్కడక్కడా మట్టిగడ్డలు అడ్డుపడితే నీరు చీలి సుళ్లు తిరిగినట్టు, విద్యుత్ తరంగం ఆ మచ్చల చుట్టూ తిరుగుతుంది. మనం వాడే లయ మందుల్లో ఎక్కువ భాగం గుండె కణాల్లోకి సోడియం, పొటాషియం వంటి అయాన్ల రాకపోకలను అదుపు చేసేవే. పేరుకున్న కొల్లాజెన్‌ను అవి తీసివేయవు. అబ్లేషన్ అనే చికిత్సలో ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల మొదళ్ల దగ్గర కణజాలాన్ని వేడితో కాల్చో, చలితో గడ్డకట్టించో విడదీస్తారు, అక్కడా కొత్త మచ్చ వేయడమే గాని పాత మచ్చ పోవడం లేదు.

రిలాక్సిన్ మీద ఆశ పుట్టింది ఈ ఖాళీలోనే. 1926లో ఫ్రెడరిక్ హిసా అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త, గర్భిణి జంతువుల సీరంను గినీ పందులకు ఎక్కిస్తే కటి ఎముకల మధ్య బంధనం సడలుతుందని గమనించి ఈ హార్మోన్ జాడ కనుగొన్నారు. గర్భంలో ఇది కొల్లాజెన్‌ను సడలించడమే కాక, రక్తనాళాలను వెడల్పు చేసి మూత్రపిండాలకు రక్తప్రవాహం పెంచుతుంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గయ్ సలామా బృందం, పుట్టుకతోనే బీపీ పెరిగే జాతి ఎలుకలకు రెండు వారాలపాటు చర్మం కింద చిన్న పంపుతో రిలాక్సిన్ ఇచ్చి, ఆ గుండెలను బయటకు తీసి ప్రాణంతో ఉంచి, విద్యుత్‌తో దడ పుట్టించడానికి ప్రయత్నించింది. హార్మోన్ అందని ఎలుకల్లో దడ తేలికగా పుట్టింది, అందినవాటిలో పుట్టడం కష్టమయింది. ఫైబ్రోసిస్ తగ్గింది, కర్ణికల్లో తరంగం వేగం పెరిగింది, ఆ తరంగాన్ని నడిపే సోడియం ప్రవాహం కూడా పెరిగింది. 2013లో ఇది ప్రచురితమయింది. ముసలి ఎలుకల మీద చేసిన తరువాతి పరీక్షలోనూ ఇదే ధోరణి కనిపించింది. పేరుకున్న మచ్చ వెనక్కి తగ్గడం చిన్న విషయం కాదు. చదివినప్పుడు నాకూ మీలాగే ఆశ కలిగింది.

అయితే ఎలుక గుండెకూ మన గుండెకూ ఎంతో తేడా. ఎలుకలో దడ తనంతట తాను వచ్చి ఏళ్ల తరబడి ఉండదు, మనం కరెంటు పెట్టి పుట్టించాలి. మరొక చిక్కు, ఈ హార్మోన్ ప్రోటీన్ కాబట్టి మాత్రగా మింగితే కడుపులోనే జీర్ణమైపోతుంది. సూదిగా ఇచ్చినా రక్తంలో ఎక్కువసేపు నిలవదు. మనుషుల్లో దీన్ని సెరెలాక్సిన్ పేరుతో పెద్ద ఎత్తున పరీక్షించినది ఈ లయ జబ్బుకు కాదు, హఠాత్తుగా ముదిరిన గుండె వైఫల్యానికి. 48 గంటలపాటు నరం ద్వారా ఎక్కించిన ఆ పరీక్షల్లో 1,161 మంది పాల్గొన్న మొదటిది ఆయాసం కొంత తగ్గిందనీ, ఆరు నెలల్లో మరణాలు కూడా తక్కువగా ఉన్నాయనీ చూపింది. దాన్ని ధ్రువపరచడానికి 6,500 మందికి పైగా రోగులతో చేసిన రెండవ పరీక్ష ప్రధాన లక్ష్యాలను అందుకోలేదని 2017లో తేలింది. చిన్న పరీక్షలో కనిపించిన ప్రాణరక్షణ పెద్ద పరీక్షలో నిలవలేదు. రెండు రోజుల ఇంజెక్షన్ విఫలమయిందని నెలల తరబడి ఇచ్చే చికిత్స కూడా విఫలమవుతుందని చెప్పలేం, నిజమే; అది వేరే జబ్బు, వేరే కొలమానం. కాని ఎలుకల ఫలితాన్ని పట్టుకొని పందెం కాయడానికి మాత్రం ఇది చాలదు.

లయ సరయితే చాలు కదా అని కూడా అనుకోకండి. 1980ల చివర అమెరికాలో జరిగిన క్యాస్ట్ పరీక్షలో, గుండెపోటు వచ్చినవారికి గుండె కింది గదులైన జఠరికల్లో వచ్చే అదనపు దెబ్బలను ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు చక్కగా అణచాయి, కానీ ఆ మందులు తీసుకున్నవారే ఎక్కువగా చనిపోయారు. ఈసీజీ కాగితం బాగుపడింది, మనిషి బాగుపడలేదు. అందువల్ల రిలాక్సిన్ కోవలోని మందును ఈ జబ్బుకు పరీక్షించవలసి వస్తే, ముందు బీపీ ఎంత పడిపోతుందో చూడాలి. ఆ తరువాత ఛాతీ చర్మం కింద పెట్టే చిన్న రికార్డరుతో, ఎవరికి మందో ఎవరికి ఉత్తదో రోగికీ డాక్టరుకూ తెలియకుండా, దడ ఎన్ని గంటలు ఉందో నెలల తరబడి లెక్కపెట్టాలి. చివరికి పక్షవాతం, మరణం తగ్గాయా అన్నది చూడాలి. ఆ పరీక్షల్లో కూడా ముప్పు ఉన్నవారికి రక్తం పలుచబరిచే మాత్ర సాగుతూనే ఉంటుంది. మీరు ఆపాలనుకుంటున్నది సరిగ్గా ఆ మాత్రనే.

మన దేశంలో ఎక్కడైనా అలాంటి పరీక్ష ఉందని ఎవరైనా చెబితే, ముందుగా క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో దాని నమోదు సంఖ్య వెతకండి. 2009 జూన్ 15 నుంచి ఆ నమోదు తప్పనిసరి. సమ్మతి పత్రం తెలుగులో అడిగి తీసుకోండి, ఇంటికి తెచ్చుకొని నిదానంగా చదవండి. డబ్బు కట్టి హార్మోన్ ఎక్కించుకోమంటే అది పరీక్ష కాదు, వ్యాపారం.

మీరు రాయని విషయం ఒకటుంది: మీ నాన్నగారికి అమియోడరోన్ అనే లయ మందు ఇస్తున్నారా? ఆ మందు బరువులో సుమారు 37 శాతం అయోడిన్. అది థైరాయిడ్‌ను పెంచనూ గలదు, తగ్గించనూ గలదు, పెంచితే దడను తిరిగి రెచ్చగొట్టనూ గలదు. ఇస్తూ ఉంటే ఆరు నెలలకొకసారి టీఎస్‌హెచ్ చూపించాలి. ఇవ్వకపోయినా, జబ్బు బయటపడినప్పటి రక్తపరీక్ష కాగితాల్లో ఆ అంకె ఉందో లేదో ఈ రోజే ఒకసారి వెతకండి. లేకపోతే రేపే చేయించండి.