ముందు ఆ పేరు గడి కొట్టివేయి

నెల్లూరు

చిరంజీవి చిన్నమ్మాయికి, పెద్దమ్మ దీవెనలు.

నువ్వు పంపిన పరిశోధన ప్రణాళిక, అదే సినాప్సిస్, ఆసాంతం చదివాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మద్యం, గంజాయి, ప్రజల భద్రత అన్న అంశం మంచిదే. పీహెచ్‌డీకి కాస్త పెద్దది. మీ గైడు గారు ఎలాగూ కత్తిరిస్తారు కనుక దాని జోలికి నేను పోను. నా అభ్యంతరమంతా చివర జతచేసిన ప్రశ్నావళి మీదే. మొదటి గడిలో పేరు, రెండో గడిలో తండ్రి పేరు, మూడో గడిలో ఫోను నంబరు. నాలుగో ప్రశ్న ‘మీరు గంజాయి సేవిస్తారా?’ అని. అన్నిటికీ కింద సంతకం!

ఆ కాగితాన్ని సంతకం పెట్టేవాడి వైపు నుంచి చూడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో గంజాయి అమ్మడమే కాదు, తాగడమూ నేరమే. 27వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే నువ్వు అతని చేత నేరాన్ని ఒప్పిస్తూ కాగితం రాయించుకుంటున్నావు. రహస్యంగా దాచుతానని నువ్వు మాటిస్తావు, నిజంగానే దాచుతావు కూడా. కానీ కక్షిదారు చెప్పినది బయటపెట్టకుండా ఉండే రక్షణ చట్టంలో వకీలుకు ఉంది. పరిశోధకులకు మన దేశంలో అలాంటిది లేదు. దర్యాప్తు అధికారి వచ్చి ఆ ఫైలు ఇమ్మంటే ‘మాట ఇచ్చాను సార్’ అనడం జవాబు కాదు. ఫైల్లో లేని పేరును మాత్రం ఎవరూ అడిగి తీసుకోలేరు. ఈ పనిలో ఏమి అడగాలో తర్వాత చూసుకోవచ్చు, ఏమి రాసుకోకూడదో ముందు తేల్చుకో.

ప్రశ్నావళి మీద పేరుకు బదులు ఒక నంబరు చాలు. సమ్మతిని నోటిమాటగా తీసుకుంటానని కారణాలతో ఎథిక్స్ కమిటీకి రాసి, అనుమతి ముందే తెచ్చుకో. మాటలు ఫోనులో రికార్డు చేయవచ్చా అని అడిగావు. వద్దు. గొంతు కూడా పేరులాంటిదే. ఒక్క విషయంలో మాత్రం రహస్యం కుదరదు. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే, పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద తెలిసినవారు ఎవరైనా ఫిర్యాదు చేసి తీరాలి. ఈ సంగతి మాటలు మొదలుపెట్టకముందే వాళ్లకు చెప్పు. అన్నీ చెప్పించుకున్నాక చెబితే అది మోసం.

కులం గడి కూడా ఉంది. ఆ సమాచారం దేనికి కావాలో ఒక వాక్యంలో రాయగలిగితేనే ఉంచు. మన కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంట్, అంటే నేరస్థ తెగలని ముద్రపడ్డవాళ్లను ఉంచిన కాలనీ, ఉండేదని చదివే ఉంటావు. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం పుట్టుకతోనే మనుషులకు దొంగలని ముద్ర వేసింది. 1952లో చట్టం పోయింది, ముద్ర అంత తొందరగా పోలేదు. ఒక ఊరి పేరు, ఒక కులం పేరు, ఒక నేరాల శాతం మూడూ ఒకే పట్టికలో పడ్డాయంటే మర్నాడే పత్రికలో శీర్షిక అవుతుంది. ఊరిని ‘ఉదయగిరి వైపు ఒక మెట్ట గ్రామం’ అని రాస్తే సరిపోతుంది.

ఇక ఆడిట్ పరీక్ష, అంటే తాగుడు ఎంత ప్రమాదకరంగా ఉందో కొలిచే ప్రశ్నల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల పది ప్రశ్నలను ఉన్నవి ఉన్నట్టు తెలుగు చేసి పెట్టావు. ‘తాగిన రోజున ఎన్ని డ్రింకులు తీసుకుంటారు?’ అని చీమకుర్తి క్వారీలో పనిచేసే మనిషిని అడిగి చూడు. ‘ఒకటే’ అంటాడు. అబద్ధం కాదు, అతని లెక్కలో ఒకటంటే ఒక క్వార్టర్. 180 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. ఆ పరీక్షలో ఒక డ్రింకంటే 10 గ్రాములు. అంటే అతని ఒకటి నీ ఆరుతో సమానం. రోజూ క్వార్టర్ తాగేవాడికి మొదటి మూడు ప్రశ్నలకే 10 మార్కులు రావాలి. ‘ఒకటే’ అన్న జవాబును అలాగే నమ్మితే 4 వస్తాయి. ప్రమాదపు గీత 8 దగ్గర ఉంది. ఒక్క మాట దగ్గర జరిగిన పొరపాటుతో తాగుబోతు మితంగా తాగేవాడి ఖాతాలో చేరిపోతాడు. అందుకని 90, 180, 375 ఖాళీ సీసాలు సంచిలో పెట్టుకుని వెళ్లి ‘ఇందులో ఏది?’ అని చూపించి అడుగు. బస్సులో సీసాలు గలగలమంటే జనం నీ వైపు చూస్తారు, చూడనీ. బెల్టు షాపులో గ్లాసుతో కొనేవాళ్లకు ఇదీ చాలదు, గ్లాసు కూడా పట్టుకెళ్లు.

పోలీసు లెక్కలతో గీసిన ఐదేళ్ల గ్రాఫు చూడముచ్చటగా ఉంది. కానీ అది నిలవదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు పోయాయి, కందుకూరు మనకు వచ్చింది, అటు అద్దంకి, చీరాల బాపట్లలో కలిశాయి. నీ గ్రాఫులో ఆ ఏడు పడిపోయిన గీత నేరం తగ్గడం వల్ల కాదు, గూడూరు పోవడం వల్ల. జిల్లా లెక్క వదిలేసి స్టేషన్ల వారీగా తీసుకో. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో గొలుసు లాక్కుపోవడం లాంటివాటికి 304వ సెక్షన్ అని విడిగా ఒకటి ఏర్పడింది. పాత దొంగతనాల లెక్కను కొత్తదానితో నేరుగా పోల్చకు. దేశమంతటి నేరాల లెక్కలు అచ్చువేసే ఎన్‌సీఆర్‌బీ పట్టికల్లో మరో చిక్కు ఉంది. ఒక ఎఫ్ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా అన్నింటికన్నా తీవ్రమైనదాన్నే లెక్కిస్తారు. తాగి వచ్చి భార్యను చంపితే పట్టికలో హత్య ఒకటి చేరుతుంది. అదే ఎఫ్ఐఆర్‌లో వేధింపు కూడా ఉన్నా అది ఏ గడిలోనూ కనిపించదు. గంజాయి కేసులు పెరిగాయంటే రవాణా పెరిగిందని రాశావు, తనిఖీలు పెరిగినా కేసులు పెరుగుతాయి. హైవే మీద ఎన్ని రోజులు సోదాలు జరిగాయో ఆర్‌టీఐలో అడిగి ఆ అంకెను పక్కన పెట్టు.

మద్యం దుకాణాలు మూస్తే నేరాలు తగ్గుతాయన్న నీ పరికల్పనకు ఎదురు నిలిచే ఉదాహరణ మన పక్కనే ఉంది. 2020 మే నెలలో మద్యం ధరలు 75 శాతం పెంచారు. జూలై నెలాఖరుకు, లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసి ఉన్న కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. దాన్ని వదిలేసి రాస్తే చివరి మౌఖిక పరీక్షలో, అదే వైవాలో, మొదటి ప్రశ్న అదే వస్తుంది.

దూబగుంట వెళతానన్నావు. వెళ్లకు. 1992 నాటి సారా ఉద్యమం గురించి ఆ ఊళ్లో ప్రతి పరిశోధకుడూ అవే ప్రశ్నలు అడిగి ఫొటో తీసుకుని వెళతాడు. ఆ ఉద్యమాన్ని నడిపిన రోశమ్మ గారు కూడా ఇప్పుడు లేరు. అక్కడి ఆడవాళ్ల ఆలోచనను మాత్రం తీసుకో. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆ ఆడవాళ్లు సీసాలు లెక్కపెట్టలేదు, కూలి డబ్బు ఎటు పోతోందో మాట్లాడుకున్నారు. ‘మీ ఆయన తాగుతాడా?’ అంటే ఏ ఇల్లాలూ సరిగ్గా చెప్పదు. ‘పోయిన వారం కూలి ఎంత వచ్చింది, మీ చేతికి ఎంత అందింది?’ అని అడుగు, వేళ్లు మడిచి మరీ చెబుతుంది. సచివాలయం మహిళా పోలీసును వెంటబెట్టుకుని వెళ్లావో, ఊరంతా బంగారమే. డ్వాక్రా లీడరు వెంట వెళితే నువ్వు అప్పు ఇప్పించడానికి వచ్చావనుకుంటారు. మొదటిసారి కాగితాలు లేకుండా తోటి స్కాలర్‌తో కలిసి వెళ్లి, కూర్చుని, వచ్చేయి.

ఎవరికైనా మేలు చేద్దామని ‘రేపటి నుంచే మానెయ్యండి’ అని మాత్రం అనకు. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూపులో ఆపాలి. 14446 అన్న హెల్ప్‌లైన్ నంబరు ఉంది. అది అచ్చువేయించి అందరికీ ఇవ్వు. అడిగినవాళ్లకే ఇస్తే ఎవరు తాగుతారో వీధంతటికీ తెలుస్తుంది.

పేరూ సంతకమూ లేకపోతే ఈ జవాబులు నువ్వే ఇంట్లో కూర్చుని నింపలేదని నమ్మకమేమిటని గైడు గారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వెళ్లిన తేదీ, వేళ, వీధి, వెంట వచ్చిన స్కాలర్ సంతకంతో క్షేత్ర డైరీ రోజూ రాయి, ఆయనకు అది చూపించు. డైరీలోనూ జవాబిచ్చినవారి ఆనవాళ్లు ఉండకూడదు సుమా. అప్పటికీ ఒప్పుకోకపోతే ఆయన ఫోను నంబరు నాకు పంపు, నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ