మీ నాన్న ట్రంకుపెట్టె గురించి

అమ్మడూ,

ఆశీస్సులు. మీ నాన్న పెట్టెలో నెగెటివ్‌లు, ఆల్బమ్‌లు, రెండు హార్డ్ డిస్కులు దొరికాయనీ, నీ ఫోన్‌లో ఇంకో పన్నెండు వేల ఫోటోలున్నాయనీ, స్కానర్ ఏది కొనమంటావనీ అడిగావు. ఇప్పుడే ఏదీ కొనకు. ఒక నోట్‌బుక్కు, ఒక మెత్తటి పెన్సిల్ తీసుకుని మీ నాయనమ్మ దగ్గరికి వెళ్లు.

ఆవిడకి ఎనభై ఎనిమిది. 1964లో మా చిన్న మేనత్త పెళ్లి ఫోటోలో వెనక వరసలో ఉన్నవాళ్ల పేర్లు చెప్పగలిగేది ఇప్పుడు ఆవిడ ఒక్కతే. స్కానింగు వచ్చే ఏడాదైనా చేసుకోవచ్చు. రోజుకి పది ఫోటోలు చూపించు, అంతకు మించితే విసుక్కుంటుంది. "ఈయనెవరు?" అని అడగకు, గుర్తు రాకపోతే చిన్నబుచ్చుకుంటుంది. "ఇది ఎవరింటి వాకిలి?" అని అడుగు. ఇల్లు గుర్తొస్తే మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఫోన్‌లో రికార్డు పెట్టుకో. పేర్లు ఫోటో వెనకాల అంచున, పెన్సిల్‌తో, నొక్కకుండా రాయి. బాల్ పెన్ వద్దు, దాని గాటు ముందువైపుకి తేలుతుంది. వెనక ప్లాస్టిక్‌లా నున్నగా ఉంటే పెన్సిల్ పడదు, అప్పుడు కవరు మీద రాయి.

ఇక నెంబర్లు. మా స్టూడియోలో ఫిల్ము కడిగి ఆరేయగానే కవరు మీదా, రిజిస్టరులోనూ ఒకే నెంబరు వేసేవాళ్లం. తెల్లారగట్ల ఎవరో వచ్చి నిలబడేవారు. "మా నాన్నగారిది మీరే తీశారండీ, పదకొండో రోజుకి పెద్దది చేసివ్వాలి." అలాంటప్పుడు నెగెటివ్ అయిదు నిమిషాల్లో చేతికి రావాలి. పేరు పట్టుకుని వెతికితే ఆ ఇంటిపేరు వాళ్లు పదిమంది తేలేవారు. నెంబరుంటే చాలు.

నువ్వూ అదే చెయ్యి. 1984లో మూడో రీలయితే 1984-03. ఫిల్ము అంచున ఫ్రేము నెంబరు ఎలాగూ అచ్చయి ఉంటుంది కాబట్టి పన్నెండో ఫోటో 1984-03-12. కవరు మీద, ప్రింటు వెనక, నోట్‌బుక్కులో, రేపు కంప్యూటర్‌లో ఫైలు పేరుగా కూడా అదే. ఒక రీలు ముక్కల్ని మాత్రం ఎప్పుడూ విడదీయకు. ఒక ఫ్రేములో నీ బారసాల కనిపించిందంటే దాని ముందూ వెనకా ఉన్నవాటి కాలం కూడా తెలిసిపోయినట్టే.

ఫిల్ము దగ్గర కలరా ఉండలు పెట్టకు, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. కవరు తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఆ ఫిల్ము పాడవుతున్నట్టు, దాన్ని వేరే పెట్టు, స్కానింగులో మొదటి వంతు దానిదే. జిగురు పేజీల ఆల్బమ్‌లలో తేలిగ్గా ఊడొచ్చే ఫోటోలు తీసెయ్, రానివాటిని బలవంతంగా పీకకుండా పేజీతో సహా ఫోటో తీసుకో. పెట్టె అటక మీద వద్దు, నేల మీద అసలే వద్దు. 1977 నవంబరు ఉప్పెనప్పుడు నేను బందరులో పని నేర్చుకుంటున్నాను. స్టూడియోలోకి నీళ్లొచ్చాయి. తడిసిన నెగెటివ్‌ల కట్టను తెలివిగా ఎండలో పెట్టాను. అప్పడాల కట్టలా అతుక్కుపోయాయి, ఒక్కటీ దక్కలేదు. వాటిని మంచినీళ్లలోనే ఉంచి ఒక్కొక్కటిగా విడదీసి ఆరేయాలని గురువుగారు తిట్టాకే తెలిసింది.

స్కాన్ చేసేటప్పుడు 35 ఎం.ఎం. ఫిల్ముకి 2400 డీపీఐ, అంటే అంగుళానికి 2400 చుక్కలు, చాలు. బొమ్మ సుమారు 3400 చుక్కల వెడల్పు వస్తుంది. తిరగేసి పెట్టావేమో ఎలా తెలుస్తుందంటే, మన ఆడవాళ్ల పైట కుడి భుజం మీద కనిపిస్తే తప్పు పెట్టినట్టు. స్కానయిపోయింది కదా అని నెగెటివ్‌లు పారేశావో, నేనూరుకోను.

కంప్యూటర్‌లో ఏడాదికో ఫోల్డరు, లోపల 2019-05-12 గృహప్రవేశం అన్నట్టు, ఇక్కడ మాత్రం ఏడాది, నెల, తేదీ. ఏడాది ముందుండాలి, అప్పుడే వరస దానంతటదే కుదురుతుంది. మనిషికో ఫోల్డరు పెట్టకు. ఒక ఫోటోలో అయిదుగురుంటే ఎందులో వేస్తావు? వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చిన్నదైపోతుంది, తీసిన తేదీ కూడా పోతుంది. ఫైలు పేరులో కనిపించేది వచ్చిన తేదీ. ఎవరైనా పంపుతానంటే డాక్యుమెంటుగా పంపమను.

ఆ పన్నెండు వేల గురించి టెన్షన్ పడకు. పాతవాటితో మొదలుపెడితే నెలకే వదిలేస్తావు. ఇవాళ తీసినవాటిలో ఒకేలా ఉన్నవి రాత్రికి తీసెయ్, అది అలవాటయ్యాక వెనక్కి వెళ్లు. అన్నిటికీ మూడు కాపీలుండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో, మీ తమ్ముడి దగ్గర ఉంచు. క్లౌడ్‌నే నమ్ముకోకు. గూగుల్ ఫోటోస్‌లో లెక్కలేనన్ని ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ఆగిపోయింది.

ఇంకోటి. ఆ పెట్టె అడుగున వెడల్పాటి ఫిల్ములు కొన్ని ఉండాలి, రీలుకి పన్నెండేసి బొమ్మలవి. కోనేరు సెంటర్లో, మన పాత ఇంటి పెరట్లో నేను తీసినవి. ఊరంతటికీ నెంబర్లు వేసినవాణ్ని, వాటికి వేయలేదు. పండక్కి వచ్చేటప్పుడు తీసుకురా. నాకు గుర్తున్నంతవరకు చెబుతాను, నువ్వు రాసుకో.

మీ పెదనాన్న