అధికారి మారినా లంచం ఎందుకు ఆగడం లేదు?

లంచం తీసుకున్న అధికారిని బదిలీ చేసినా, కొత్తగా వచ్చినవారి దగ్గరా చేయి తడపనిదే ఫైలు కదలడం లేదని మీరు రాశారు. అనుమతినిచ్చే అధికారం ఒక్కరి చేతిలోనే ఉండి, తేల్చడానికి గడువు లేక, ఎందుకు ఆపారో రాతపూర్వకంగా చెప్పనవసరం లేని చోట, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆలస్యమే అమ్ముడుపోయే సరుకవుతుంది. అందువల్ల వ్యక్తితోపాటు (అతణ్ణి వదిలేయమని కాదు) పద్ధతిపైనా ఫిర్యాదు చేయడం మేలు. దరఖాస్తుకు తేదీ, వరుస సంఖ్య ఉన్న రసీదు తీసుకోండి. మీ తర్వాతి సంఖ్యలు కారణం లేకుండా ముందే పరిష్కారమవుతుంటే, అది ప్రశ్నించదగిన ఆధారం. ఐక్యరాజ్యసమితి 2003లో ఆమోదించిన అవినీతి వ్యతిరేక ఒప్పందంలో 10వ అధికరణం పాలనా ప్రక్రియల సరళీకరణను, 33వ అధికరణం సద్భావనతో ఫిర్యాదు చేసేవారి రక్షణను ప్రస్తావిస్తాయి; మీ దేశం అందులో చేరి ఉంటే, ఫిర్యాదులో వాటిని ఉటంకించవచ్చు.