నష్టంలో వాటా లేనివారికి బాధ్యతలో వాటా ఎక్కడిది?

సైబర్ భద్రత బాధ్యతను ప్రభుత్వం, వ్యాపార సంస్థలు, పౌర సంఘాలు ఎలా పంచుకోవాలన్నది ప్రశ్న. కాగితం మీద ఆ పంపకం ఎప్పుడో జరిగిపోయింది. సైబర్ దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లోగా సంస్థలు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లోనే ఆదేశాలిచ్చారు. ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది, తెలంగాణలోనైతే ప్రత్యేకంగా సైబర్ సెక్యూరిటీ బ్యూరోయే ఉంది. ఇన్ని ఉన్నా డబ్బు పోయిన రోజున నష్టమంతా మోసపోయిన ఒక్కరి నెత్తినే పడుతోంది. మా ఊరి పింఛనుదారుల సంఘం పనుల్లో తిరిగేవాణ్ణి కనుక ఈ మాట దగ్గరగా చూసి చెబుతున్నాను.

మా సభ్యుల్లో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడికి పోలీసు దుస్తుల్లో ఉన్న మనిషి వీడియో కాల్ చేసి, ఆయన ఆధార్‌తో తీసిన సిమ్ మనీ లాండరింగ్ కేసులో దొరికిందని, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదని బెదిరించాడు. ఇలా వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించే డిజిటల్ అరెస్టు అన్నదే చట్టంలో లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరులో రేడియోలో చెప్పిన మాటను మాష్టారు స్వయంగా విన్నారు. భయం ముందు అదేమీ గుర్తుకు రాలేదు. కాల్ కట్ చేయకుండానే ఫోను చొక్కా జేబులో పెట్టుకుని బ్యాంకుకు వెళ్లి, ఫిక్స్‌డ్ డిపాజిట్లు గడువుకు ముందే రద్దు చేయించి, పెద్ద మొత్తాలను వెంటనే వేరే ఖాతాకు పంపే ఆర్టీజీఎస్ ఫారం నింపారు. చెయ్యి వణకడంతో సంతకం రికార్డులో ఉన్నదానితో కలవలేదు. కౌంటరులో ఉన్న ఉద్యోగిని ఫారం వెనక్కి ఇచ్చి, కింద మళ్లీ సంతకం పెట్టించారు. చెయ్యి ఎందుకు వణుకుతోందని గాని, ఇంత డబ్బు ఎవరికి పంపుతున్నారని గాని ఆ శాఖలో ఒక్కరూ అడగలేదు.

సాయంత్రం కొడుకు వచ్చి 1930కి ఫోన్ చేసేసరికి సొమ్ములో చాలా భాగం చేతులు మారిపోయింది. కొంత మాత్రం మరో ఖాతాలో ఎవరూ తీయడానికి వీల్లేకుండా హోల్డ్‌లో పడింది. దాన్ని రాబట్టుకోవడానికి కోర్టు చుట్టూ తిరగవలసి వచ్చింది. "మీ నాన్నగారే స్వయంగా వచ్చి సంతకం చేశారు కదండీ, మేమేం చేయగలం?" అన్నారు మేనేజరు. నిబంధనల ప్రకారం ఆయన మాట నిజమే. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్, మూడో వ్యక్తి చేసిన మోసాన్ని మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదని చెప్పింది గాని, అది ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలకే వర్తించేది. భయపెట్టి పెట్టించిన సంతకం ఆ లెక్కలో అనుమతి కిందికే వచ్చింది.

సరే, మరి డబ్బు చేరిన ఖాతా సంగతేమిటి? ఎవరో కమీషనుకు అద్దెకిచ్చిన ఖాతా అది. బతికే ఉన్నామని మేము ఏటా ధ్రువపత్రం ఇచ్చుకోవాలి. వేలిముద్ర యంత్రం మా అరిగిపోయిన వేళ్లను గుర్తించకపోతే మళ్లీ మళ్లీ రావాలి. ఇంత పట్టుదలలో పదోవంతు, నిన్నటిదాకా ఖాళీగా ఉండి ఒక్కసారిగా లక్షలు వచ్చిపడిన ఖాతా మీద చూపిస్తే చాలదా? ప్రభుత్వమూ తన వంతుగా అత్యవసరంగా ఫోన్ చేసినప్పుడు కూడా ముందుగా సైబర్ మోసాల హెచ్చరిక ట్యూన్ వినిపించి, అదే అవగాహన అనుకుంది.

బ్రిటన్‌లో ఈ చిక్కును 2024 అక్టోబరు 7 నుంచి వేరేగా విప్పారు. ఇలా మోసపోయి ఖాతాదారు తానే డబ్బు పంపినా 85,000 పౌండ్ల వరకు తిరిగి ఇవ్వాలి. ఆ భారాన్ని పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరిసగం భరించాలి. అదే ఏడాది డిసెంబరులో సింగపూర్, నకిలీ లింకులతో ఖాతా వివరాలు కాజేసే ఫిషింగ్ మోసాల్లో తమ విధులు నిర్వర్తించని బ్యాంకులు, ఆ తరువాత టెలికాం సంస్థలు నష్టం భరించాలని నిబంధన పెట్టింది. బాధితుడు స్వయంగా పంపిన సొమ్ము దాని పరిధిలోకి రాదు కనుక మా మాష్టారి వంటివారికి బ్రిటన్ పద్ధతే మేలు. అందుకున్న బ్యాంకు జేబుకు చిల్లు పడితే అద్దె ఖాతాలు వాటంతటవే తగ్గిపోతాయని నా గట్టి నమ్మకం.

ఇక పౌర సంఘాల వాటా అంటారా, పోస్టర్లు అంటించడం దగ్గరే అది ఆగిపోకూడదు. పింఛను పడే రోజుల్లో మా సభ్యుడొకరు శాఖలో కూర్చుని, డిపాజిట్ రద్దు చేసుకోవడానికి వచ్చిన పెద్దవారిని పలకరిస్తారని, ఎవరైనా తడబడితే ఇంటివారికి ఫోన్ చేస్తారని బ్యాంకుకు లేఖ రాశాం. బయటివారిని లావాదేవీల దగ్గర కూర్చోనివ్వడం భద్రతా నిబంధనలకు విరుద్ధమని జవాబు వచ్చింది. దానికి జతగా, సభ్యులకు పంచమని ఒక కట్ట అవగాహన కరపత్రాలు కూడా పంపారు.